మన మెట్టినిల్లే గోదావరికి పుట్టిల్లు

ఉగాది ఉదయం తలంటి పోసుకుని పూజకు కూర్చున్నప్పుడు పురోహితుడు ముందుగా సంకల్పం చెప్పిస్తాడు. అందులో సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం చెప్పినట్లే మనం కూర్చున్న చోటు కూడా చెప్పుకోవాలి. ఆ చోటు చెప్పడానికి పూర్వులు జిల్లా పేరో, తాలూకా పేరో వాడలేదు. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాము, ఏ రెండు నదుల మధ్య ఉన్నాము అన్నదే వారికి చిరునామా. కృష్ణా గోదావరుల నడిమి దేశంలో ఉన్నవారికి ఇందులో చిక్కు లేదు. కాని తాతల నాడే ఊరు విడిచి నాందేడులోనో, బీదరులోనో, చంద్రపూరులోనో, జయపురంలోనో స్థిరపడిన మనబోటి వారికి ఆ మాట దగ్గర నాలుక కొంచెం తడబడుతుంది. ఊరితో పాటు నదిని కూడా విడిచి వచ్చామా అన్న సందేహం కలుగుతుంది.

ఈ సందేహానికి సమాధానం భూగోళంలోనూ ఉన్నది, చరిత్రలోనూ ఉన్నది. గోదావరి మహారాష్ట్రలో నాసిక్ జిల్లా త్ర్యంబకం దగ్గర బ్రహ్మగిరి మీద పుట్టినది. అక్కడికి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్ల దూరమే. అంత దగ్గరి సముద్రాన్ని కాదని, తూర్పు ముఖం పట్టి, 1465 కిలోమీటర్లు, అనగా పాత లెక్కన 910 మైళ్లు నడిచి బంగాళాఖాతం చేరుతున్నది. ఈ నదికీ, దీని ఉపనదులకూ నీరిచ్చే నేల మొత్తం 3,12,812 చదరపు కిలోమీటర్లు. ఇందులో నూటికి 48.6 వంతులు మహారాష్ట్రలో ఉన్నది. తెలంగాణలో 18.8, ఆంధ్రప్రదేశ్‌లో 4.5 వంతులు, ఈ రెండూ కలిపినా నూటికి 23 పైచిలుకే. ఛత్తీస్‌గఢ్‌లో 10.9, మధ్యప్రదేశ్‌లో 10, ఒడిశాలో 5.7, కర్ణాటకలో 1.4 వంతులు. సముద్రం దగ్గరి కొసలో పుదుచ్చేరికి చెందిన చిన్న యానాం ఉన్నది. అంటే ఏ నేల మీద పడిన వాన గోదావరి అవుతున్నదో, ఆ నేలలో నాలుగింట మూడు పాళ్లు రెండు తెలుగు రాష్ట్రాలకు వెలుపలనే ఉన్నది.

కనుక ఈ వ్యాసంలో మనవి చేయదలచినది ఒక్కటే. మనం గోదావరిని విడిచి రాలేదు; మనలో చాలామందిమి గోదావరికి నీరు పుట్టే చోటికే వచ్చినాము. ఆడపిల్లకు పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు ఒకటి. మన మెట్టినిల్లు గోదావరికి పుట్టిల్లు. మన పుట్టిల్లు గోదావరికి మెట్టినిల్లు. ఈ బంధుత్వం ఎట్టిదో ఉపనదుల వెంట నడిచి చూస్తే తెలుస్తుంది.

ఎగువ గోదావరి

పుట్టిన చోట పడమటి కనుమల మీద వానకు లోటు లేదు. కాని కనుమ దాటి తూర్పుకు దిగగానే వర్షచ్ఛాయా ప్రాంతం మొదలవుతుంది. మేఘాలు కొండల మీదనే కురిసి పోగా, ఇవతల బీడ్, జాల్నా వైపు నేల వాన కోసం ఎదురు చూస్తూ ఉంటుంది. కుడి వైపు నుంచి ప్రవర, సింద్‌ఫణా, ఎడమ వైపు నుంచి అజంతా కొండలలో పుట్టిన పూర్ణ వచ్చి కలిసినా, ఇక్కడి గోదావరి మనం రాజమహేంద్రవరంలో చూచే గోదావరి కాదు.

నీటికి పేద అయినా చరిత్రకు పేద కాదు. ఈ గట్టు మీది పైఠాన్ పూర్వపు ప్రతిష్ఠానం, శాతవాహనుల రాజధాని. అక్కడి నుంచి నది వెంట దిగి వస్తే తెలంగాణలో జగిత్యాల జిల్లా కోటిలింగాల తగులుతుంది. ఆ వంశపు మూలపురుషుడైన సిముకుని నాణేలు అక్కడ దొరికినవి. బౌద్ధ గ్రంథాలు చెప్పే పదహారు మహాజనపదాలలో దక్షిణాపథానికి చెందినది అస్మక ఒక్కటే. అదీ గోదావరి తీరపు రాజ్యమే. దాని రాజధాని నేటి నిజామాబాదు జిల్లాలోని బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. హాలుని గాథాసప్తశతి ప్రాకృత గ్రంథమైనా అందులో గోదావరి పేరు పలుమార్లు వస్తుంది, కొన్ని తెలుగు మాటలు కూడా ఉన్నవని భాషావేత్తలు చూపినారు. మరాఠీ దేశం, తెలుగు దేశం అని వేరు గీతలు గీయక ముందే ఈ గట్టున మాటల ఇచ్చిపుచ్చుకోలు ఉన్నదనడానికి ఇది చాలు.

పైఠాన్ దగ్గర జాయక్‌వాడి ఆనకట్ట 1976లో పూర్తయినది. దానికి దిగువన నాందేడ్. సిక్కుల పదవ గురువు గోవింద్ సింగ్ 1708లో దేహం చాలించినది అక్కడనే. ఈ నాందేడ్, పర్భణీ, బీడ్ జిల్లాలు 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనివి. ఆనాటికే ధర్మాబాద్, బిలోలి, కిన్వట్ వైపు కాపురముంటున్న తెలుగువారు ఊరు విడిచి ప్రవాసులైనవారు కారు. వారి ఇల్లు కదలలేదు, సరిహద్దు కదిలినది. గోదావరి వెంట తెలుగువారి చరిత్రలో ఈ మాట ఇంకా కొన్ని చోట్ల చెప్పవలసి వస్తుంది.

మంజీర

కర్ణాటకలోని మన సోదరులకు గోదావరితో సంబంధం మంజీర వలన కలిగినది. ఇది బీడ్ జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టి, లాతూరు మీదుగా బీదరు జిల్లాలో ప్రవేశించి, అక్కడ కారంజాను కలుపుకుని, తెలంగాణలో మెదకు సీమను తడిపి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. హరిద్ర అనే చిన్న ఏరు కూడా అక్కడనే కలియడం వలన దానిని త్రివేణీ సంగమం అంటారు. గోదావరి తెలంగాణలో అడుగు పెట్టేదీ ఆ చోటనే.

బీదరు కూడా 1956లో మైసూరు రాష్ట్రానికి పోయినది. రాష్ట్రాలు మారినా మంజీర దారి మార్చుకోలేదు. 1923 నుంచి 1931 వరకు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఈ నది మీద నిజాంసాగర్ కట్టించినాడు. నిజామాబాదు జిల్లా వరికీ చెరకుకూ ఆ నీరే ప్రాణం. తరువాత సింగూరు జలాశయం నుంచి హైదరాబాదు నగరానికి తాగునీరు పోయినది. అయితే మంజీర కరువు సీమల నది. 2016 వేసవిలో లాతూరు పట్టణానికి నీరు లేక మిరజ్ నుంచి రైలులో తెప్పించవలసి వచ్చినది. ఆ ఏడాదే దిగువన సింగూరు కూడా ఎండినది. పుట్టింట దాహమైతే మెట్టినింటా దాహమే అని మంజీర ఆనాడు చూపినది.

ప్రాణహిత

గోదావరికి పెద్ద నది అన్న పేరు నిలబెట్టినది ప్రాణహిత. దీని పరీవాహక ప్రాంతం 1,09,078 చదరపు కిలోమీటర్లు, అనగా మొత్తం గోదావరీ క్షేత్రంలో మూడో వంతుకు పైన. ఇది నిజానికి మూడు నదుల కలయిక. వార్ధా మధ్యప్రదేశ్‌లో ముల్తాయి దగ్గర పుట్టినది. పడమటికి పోయే తపతి కూడా అక్కడనే పుట్టడం ఒక వింత. పెన్‌గంగ అజంతా కొండల నుంచి వచ్చి, ఆదిలాబాదుకూ మహారాష్ట్రకూ హద్దుగా పారి వార్ధాలో కలుస్తుంది. వైన్‌గంగ మధ్యప్రదేశ్ సివనీ జిల్లాలో పుట్టి, భండారా, గడ్చిరోలి మీదుగా వచ్చి వార్ధాను కలుస్తుంది. ఆ కలయిక నుంచి ప్రాణహిత అనే పేరు. అది సుమారు 113 కిలోమీటర్లే నడిచి కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతున్నది. పేరు చిన్న దూరానిదే గాని నీరు విదర్భ అంతటిది.

కాళేశ్వరానికి ఎదుటి గట్టున సిరొంచ. ఇప్పుడు మహారాష్ట్రలో మారుమూల తాలూకా; వీధిలో వినపడే మాట తెలుగే. దీని వెనుక ఒక కథ ఉన్నది. 1860లో నిజాము ఈ ఎడమ గట్టు ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి ఇవ్వగా, వారు సిరొంచ ముఖ్య పట్టణంగా ఎగువ గోదావరి జిల్లాను ఏర్పరచినారు. ఆ కాలంలో అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతూ ఉండడం చేత లాంకషైరు మిల్లులకు అక్కడి పత్తి రావడం ఆగిపోయినది. బేరారు పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా పడవలలో కాకినాడ రేవుకు దించవచ్చునని సర్ ఆర్థర్ కాటన్ పట్టుబట్టినాడు. దారిలో నదికి అడ్డంగా మూడు చోట్ల రాతి బారులు ఉన్నవి. వాటిని దాటించడానికి దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పడవ లాకులు కట్టినారు. ఇంతలో అమెరికా యుద్ధం ముగిసినది, బొంబాయి నుంచి రైలు పత్తి సీమకు చేరినది. 1871లో ప్రభుత్వం ఆ పథకాన్ని విడిచిపెట్టినది. 1874లో ఎగువ గోదావరి జిల్లానే రద్దు చేసి సిరొంచను చాందాలో కలిపినారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినవి. నది ఒకటే అయినా కాగితం మీది గీత ఎన్ని సార్లు మారినదో చూడండి.

నేటికీ చంద్రపూరు, బల్లార్షా బొగ్గు గనుల సీమలో తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నవి. వారి ఊరి పక్క పారే వార్ధా కొన్ని దినాలకు ధవళేశ్వరం చేరుతుందని వారి పిల్లలకు ఎవరైనా చెప్పినారో లేదో!

ఇంద్రావతి, శబరి

ఒడిశా నుంచి గోదావరికి రెండు కానుకలు. మొదటిది ఇంద్రావతి. ఇది కలహండి జిల్లాలో పుట్టి, నవరంగపురం మీదుగా బస్తరులో ప్రవేశించి, జగదల్‌పురం దాటిన తరువాత చిత్రకోట దగ్గర జలపాతమై దూకి, అడవుల నడుమ పారి, ప్రాణహిత సంగమానికి దిగువన గోదావరిలో కలుస్తుంది. ఎగువ ఇంద్రావతి పథకం వచ్చిన తరువాత దీని నీరు కొంత మహానది వైపు మళ్లుతున్నది.

రెండవది శబరి. కొరాపుట్ కొండలలో పుట్టినప్పుడు దాని పేరు కొలాబ్. జయపురం దాటి మల్కనగిరి వైపు దిగేసరికి శబరి అవుతుంది. విశాఖ మన్యం నుంచి వచ్చే మాచ్‌ఖండ్ దుడుమ దగ్గర దూకి, దిగువన సీలేరు అనే పేరుతో మోటు దగ్గర శబరిలో కలుస్తుంది. ఈ రెండూ కలిసి కూనవరం దగ్గర గోదావరిని చేరుకుంటవి. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మూడింటి పరీవాహక ప్రాంతం కలిపితే గోదావరీ క్షేత్రంలో సగానికి మించుతుంది. పాపికొండల ఇరుకులో మనం చూచి ఆశ్చర్యపడే ఆ నిండు ప్రవాహం ఈ ముగ్గురు అక్కచెల్లెళ్లదే.

జయపురం, కొరాపుట్ సీమ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు విశాఖపట్టణం జిల్లాలోని భాగం. ఇక్కడ కూడా చాలా తెలుగు కుటుంబాలకు ఇల్లు కదలలేదు, హద్దు కదిలినది. హద్దు కదిలిన తరువాత కూడా బంధం తెగలేదనడానికి జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారే సాక్షి. ఆయన ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు ఏటేటా లక్ష రూపాయల విరాళం ఏర్పాటు చేసినారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరు పెట్టుకున్నారు. శబరి పుట్టిన కొండల రాజ్యపు సొమ్ముతో విశాఖలో తెలుగు పిల్లలు చదువుకున్నారు.

మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో ఉత్పత్తి మొదలైనది. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రాలు కలిసి కట్టుకున్న పథకమది. ఉత్తరాంధ్రలో ఎన్నో ఊళ్లకు మొదటి దీపం ఆ కరెంటుతోనే వెలిగినది. కాని ఆ జలాశయాల కింద కొండవారి పొలాలు, ఊళ్లు మునిగిన మాట కూడా మరువరాదు. దిగువన బలిమెల జలాశయం నిండడం వలన మల్కనగిరి జిల్లాలో కొన్ని గ్రామాలు మూడు వైపుల నీటితో తెగిపోయి, 2018లో గురుప్రియ వంతెన వచ్చే దాకా పడవలే దిక్కుగా ఉన్నవి. మన ఇంట దీపం వెలిగిన చోట మరొకరి ఇల్లు మునిగినదన్నది నదుల చరిత్రలో విడదీయరాని భాగం.

గౌతమీ తీరం

ఇన్ని ఇళ్ల నీరు ధవళేశ్వరం చేరుతుంది. 1833 నాటి కరువులోనూ, ఆ తరువాతి తుఫానులలోనూ గోదావరి జిల్లా చితికిపోయినప్పుడు, పక్కనే నది పారుతూ ఉండగా జనం ఆకలికి చచ్చినారు. కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టా పంట సీమ అయినది. ఆ ఆనకట్టకు దిగువన నది గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ చీలుతుంది. సప్తర్షుల పేర ఏడు పాయలని పెద్దలు చెప్పే మాట వేరే ఉన్నది.

గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట యానాం. ఫ్రెంచివారు 1723లో అక్కడ వర్తక స్థానం పెట్టినారు. 1954లో అది భారతదేశంలో కలిసినది, 1962లో ఆ విలీనం చట్టరీత్యా పూర్తయినది. చుట్టూ ఆంధ్రదేశమే అయినా పరిపాలన పుదుచ్చేరిది. మాట తెలుగు, నది గౌతమి. పక్కనే ఉన్న కోరంగి రేవును 1839 నాటి తుఫాను ధ్వంసం చేసినది. అయినా ఆ పేరు సముద్రాలు దాటినది. ఈ తీరం నుంచి ఓడలెక్కి బర్మా పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలు అన్నారు. త్ర్యంబకం నుంచి నది ప్రవాసం వచ్చి ఆగిన చోటనే మన జనం ప్రవాసం మొదలయినది.

నీటి పంపకం

ఇంతవరకు చెప్పినది బంధుత్వం. బంధువుల మధ్య తగవులు కూడా ఉంటవి. గోదావరి నీటి పంపకానికి కేంద్ర ప్రభుత్వం 1969లో బచావత్ అధ్యక్షతన ట్రిబ్యునల్ నియమించినది. రాష్ట్రాలు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందాలనే ఆధారంగా తీసుకుని అది 1980లో తుది తీర్పు ఇచ్చినది. ఇది మన దేశంలో చెప్పుకోదగిన విషయం. పోలవరం నుంచి కృష్ణకు 80 టి.ఎం.సి.లు మళ్లిస్తే, దానికి బదులుగా కృష్ణ నీటిలో 35 టి.ఎం.సి.లు ఎగువన కర్ణాటక, మహారాష్ట్రలు వాడుకోవచ్చునని ఆ ఒప్పందాలలోనే ఉన్నది.

తరువాతి కాలంలో నాందేడ్ జిల్లాలో బాభళీ ఆనకట్ట మీద వివాదం వచ్చినది. దానికి దిగువన ఉన్న శ్రీరామసాగరం ఎండిపోతుందని తెలంగాణ రైతుల భయం. తమ ఊరి పక్క పారే నీరు తమకు దక్కడం లేదని నాందేడ్ రైతుల బాధ. 2013లో సుప్రీం కోర్టు ఆనకట్ట ఉండవచ్చునని చెబుతూనే, జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు తెరచి ఉంచాలనీ, మార్చి 1న 0.6 టి.ఎం.సి. దిగువకు విడవాలనీ నిర్ణయించినది. పోలవరం సంగతి మరొక విధం. డెల్టాకూ, విశాఖకూ నీరందించే ఆశ ఒక వైపు. కూనవరం, చింతూరు సీమ కొండవారి ఊళ్లు మునగడం, శబరి వెనుక నీరు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ గట్లు ముంచుతుందన్న భయం మరొక వైపు.

కరువులో తగవు; వరదలో మాత్రం అందరిదీ ఒకే గతి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు పోయినది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినది. ఆ వరదలో యానాం వీధులలో నీరు నిలిచినది. యానాంలో వాన కురిసి అది మునగలేదు. విదర్భలో, బస్తరులో, తెలంగాణలో కురిసిన వాన అక్కడికి వచ్చినది. ఎగువన అడవి నరికితే దిగువన ఇసుక మేట వేస్తుంది. ఎగువన ఏటి గట్టున చెత్త పోస్తే అది దిగువన మన అక్కచెల్లెళ్ల ఇంటి రేవుకు చేరుతుంది.

తమిళనాటి సోదరులు, మాకు గోదావరితో ఏమి పని అనవచ్చును. మద్రాసు దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర రాష్ట్రాలు తలా 5 టి.ఎం.సి.ల కృష్ణ నీరు ఇవ్వడానికి ఒప్పుకున్నవి. 1983 ఒప్పందంతో తెలుగు గంగ కాలువ రూపు దిద్దుకొని, 1996లో ఆ నీరు పూండి చేరినది. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు కృష్ణా డెల్టాకు అందుతున్నది. డెల్టాకు అటు నుంచి నీరు వచ్చిన మేర, ఎగువ శ్రీశైలంలో కృష్ణ నీటిని నిలుపుకునే వీలు కలిగినది. తెలుగు గంగకు నీరు ఆ శ్రీశైలం నుంచే. కాబట్టి చెన్నపట్టణపు కొళాయికి కూడా గోదావరి దూరపు చుట్టమే.

మనమేమి చేయగలము?

నీటి తగవు వచ్చినప్పుడు రెండు రాష్ట్రాల పత్రికలూ రెండు రకాల వార్తలు రాస్తవి. ఆ రెంటినీ చదవగలిగినవారు ప్రవాసాంధ్రులే. నాందేడ్ రైతు పొలం మనకు తెలుసు, నిజామాబాదులో మేనమామ పొలమూ మనకు తెలుసు. కొరాపుట్ కొండవాని ముఖం మనకు తెలుసు, కోనసీమ కాలువ గట్టూ మనకు తెలుసు. ఇద్దరిలో ఎవరి మాట వచ్చినా రెండవ వారి కష్టం కూడా చెప్పగల నోరు మనది. ఆ నోరు మూసుకుని కూర్చుంటే ఇన్నేళ్లు ఈ గట్టున బతికిన దానికి అర్థం లేదు.

మరొక చిన్న మనవి. మన సంఘంలోని పెద్దలు తమ కుటుంబం ఏ ఏటి గట్టు నుంచి, ఏ కాలంలో, ఏ పని కోసం వచ్చినదో ఒక కాగితం మీద రాసి ఉంచవలెను. లేక ఇల్లు కదలక సరిహద్దు కదిలినదో, ఆ సంగతి అయినా రాయవలెను. పిల్లలకు త్ర్యంబకం నుంచి యానాం దాకా నది బొమ్మ గీయించి, తాము ఉన్న ఊరి ఉపనది ఎక్కడ కలుస్తుందో గుర్తు పెట్టించవలెను. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరాలు. నాసిక్‌లో సింహస్థ కుంభమేళాకు ఆధారం కూడా ఆ సింహ బృహస్పతియే. 2015 తరువాత ఆ పుష్కరాల సంవత్సరం 2027. పుష్కర స్నానానికి రాజమహేంద్రవరం పోగలవారు పోవచ్చును. పోలేనివారు తమ ఊరి మంజీరలోనో, వార్ధాలోనో, కొలాబ్‌లోనో మునిగినా, ఆ నీరు నడిచిపోయేది గోదావరి రేవుకే.

ఈ ఉగాది సంకల్పంలో చోటు చెప్పవలసి వచ్చినప్పుడు ఇక తడబడవద్దు. మన గడప దగ్గరి ఏటి పేరు ముందు చెప్పి, అది చేరే గోదావరి పేరు తరువాత చెప్పుదము. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.